ఆడవాళ్ళ గదిలో బెల్లు

యార్క్‌లో మిన్‌స్టర్ చర్చి చూడ్డానికి వచ్చినవాళ్ళు, ఆ చర్చి వెనక సందులో ఉన్న ‘ఓల్డ్ లాంటర్న్’ పబ్బులో అడుగుపెట్టకుండా వెళ్ళరు. వెళ్ళనివ్వరు. పొడుగు టోపీ పెట్టుకుని, చేత లాంతరు పట్టుకుని, టూరిస్టుల్ని దెయ్యాల కొంపల చుట్టూ తిప్పే పెద్దమనిషి ఒకడున్నాడు. తన మందనంతా చివరికి అతను తోలుకొచ్చేది అక్కడికే.

ఎందుకంటే ఆ పబ్బుకి చెడ్డపేరుంది. చర్చి చుట్టుపక్కల చెడ్డపేరున్న చోటే బేరం బాగా సాగుతుంది.

ఆ పేరు తెచ్చింది ఆనీ అట. నూరేళ్ళ పైమాట. మొగుడిది రైలుపెట్టెల కార్ఖానాలో పని. ఓ చలికాలం సాయంత్రం అతను ముందు హాల్లో తాగుతూ కూర్చుంటే, ఇంటికి లాక్కుపోదామని వచ్చింది. ముందు హాల్లోకి ఆడవాళ్ళని రానిచ్చేవారు కాదు. వెనక ఓ చిన్న గది — ఆడవాళ్ళ గది. వీధిలోవాళ్ళకి మొహాలు కనబడకుండా గరుకు అద్దాల కిటికీ, గోడవార ఓ బల్ల, గోడకి ఓ బెల్లు బటన్. ఏం కావాలన్నా ఆ బటన్ నొక్కాలి. ముందు హాల్లో గంట మోగుతుంది. ఓనరుకి తీరికైతే వస్తాడు.

ఆనీ నొక్కింది.

“వస్తున్నానే బంగారం!” అని అరిచాడు మొగుడు, కూర్చున్నచోటు నుంచి కదలకుండా. హాలంతా నవ్వింది. మళ్ళీ నొక్కింది. ఈసారి హాలంతా కలిసి అరిచింది. అలా నొక్కుతూనే ఉంది... తెల్లారి తలుపు తీస్తే, వేలు బటన్ మీదే ఉంది — మనిషి బిగుసుకుపోయి ఉంది.

అప్పట్నుంచి గదిలో ఎవరూ లేకపోయినా బెల్లు మోగుతుందట. బార్ పైన పాత చెక్కపెట్టె ఒకటుంది. ఏ గదిలో బెల్లు నొక్కారో తెలియడానికి దాన్లో గదికో చిన్న అద్దం. బెల్లు మోగితే ఆడవాళ్ళ గది అద్దం వెనక ఎర్రబిళ్ళ ఊగుతుంది. మోగినప్పుడల్లా పబ్బులో ఉన్నవాళ్ళంతా గ్లాసులెత్తి “వస్తున్నానే బంగారం!” అని అరవాలి, ఓ గుక్క తాగాలి. లేచి మాత్రం వెళ్ళకూడదు. బెల్లు మోగుతుండగా ఆ తలుపు తీసిన మగవాడి ఇంటికి ఆనీ వెళ్ళి కాపురం పెడుతుందట.

పిలిచి పిలిచి చచ్చిపోయిన మనిషికి వాళ్ళు పెట్టిన పేరు ‘సణుగుడు ఆనీ’. పిలిస్తే రాని మొగుడికి ఏ పేరూ లేదు. పిల్లల మెనూ కాగితం మీద ఆనీ బొమ్మ కూడా వేశారు — నోరు తెరుచుకుని, వేలు చూపిస్తూ. రంగులు వేసుకోవడానికి క్రేయాన్లు ఉచితం. పిల్లాపాపలతో హాయిగా వచ్చి కూర్చునే పబ్బు కదా మరి!

ఇంతకీ, డెనీస్ వాళ్ళమ్మ బెరిల్‌కి ఎనభై నిండిన రోజు జరిగిందిది.

డిసెంబరు ఆదివారం. అక్కడ ఆ నెలలో సాయంత్రం టీ వేళకే చీకటి. క్రిస్మస్ సంత కోసం వచ్చిన జనంతో పబ్బు మూడంతస్తులూ కిటకిట. చంటిపిల్లల తోపుడుబళ్ళు, తడిసిన కోట్లు, గ్రేవీ వాసన. టేబుల్ మాట్లాడి పెట్టింది డెనీస్ మొగుడు క్లైవ్. “అత్తయ్యకి పాత పబ్బులంటే ప్రాణం” అన్నాడు. ఆ రోజు ఫుట్‌బాల్ మ్యాచ్ ఉందనీ, అక్కడ గోడంత టీవీ ఉందనీ అనలేదు.

“చలిమంట పక్కన కూర్చుందాం రండి అత్తయ్యా.” టీవీ కూడా మంట పక్కనే ఉంది.

బెరిల్ మాత్రం వెనక నడవా వైపు చూస్తోంది. “ఆ వెనక గదిలో కూర్చోనివ్వరూ?”

పబ్బు ఓనరు డెరెక్ బార్ వెనక నుంచి నవ్వాడు. నున్నటి మొహం. లోకంలోని ఆడవాళ్ళందరూ తన మాటలకి మురిసిపోతారని గట్టి నమ్మకం. “ఆ గదికి తాళం బామ్మగారూ! చంటిపిల్లల కుర్చీలు దాచుకుంటున్నాం. అయినా మీలాంటి అందగత్తె వెళ్తే ఆనీ ఊరుకోదు, పట్టుకుంటుంది.”

“పట్టుకుని ఏం చేసుకుంటుంది? నా మోకాళ్ళు దానికి పనికిరావు” అంది బెరిల్.

కూర్చున్నారు. బెరిల్ స్టౌట్ బీరు తెప్పించుకుంది, నల్లగా, నురగతో. డాక్టరు వద్దన్నాడు. పుట్టినరోజున డాక్టరు మాట ఎవరు వింటారు? ఆమెకి ఆయాసం ఉంది. చలిగాలి తగిలిందా, ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. ఇన్‌హేలర్ ఎప్పుడూ చేతిసంచీలోనే.

“మీ నాన్న ఇదిగో, ఈ హాల్లోనే కూర్చునేవాడు” అంది కూతురితో. “పెళ్ళయిన కొత్త. నేనూ, నా నేస్తం డోరిసూ, ఇంకో ఇద్దరూ ఆ గదిలో. మాకూ బెల్లే. మాకూ ‘వస్తున్నానే బంగారం’. వచ్చేసరికి దాహం తీరిపోయేది. అయినా చెప్తున్నా, ఆ గదిలో మేం నవ్వినంత నవ్వు ఈ హాలు ఎన్నడూ విని ఉండదు.”

“అప్పుడూ మోగేదా అమ్మమ్మా, ఆనీ బెల్లు?” అంది డెనీస్ కూతురు ఫ్రేయా, ఆనీ బొమ్మ నోట్లో ఎర్రరంగు దిద్దుతూ.

“లేదమ్మా. మేం నొక్కితేనే మోగేది.” బెరిల్ ఆ బొమ్మ వైపు చూసి మూతి తిప్పింది. “సణుగుడట, సణుగుడు! మా అమ్మమ్మ వాళ్ళది ఆనీ ఉన్న వీధే. ఇంట్లో చంటిబిడ్డకి ఒళ్ళు కాలిపోతోంది. డాక్టర్ని పిలుచుకురా అని మొగుడికి చెప్పడానికి వచ్చింది. ఎవడో సరదాకి బయట గడియ పెట్టాడు.”

“మరి... బిడ్డ?” అంది డెనీస్.

బెరిల్ నురగ వైపు చూస్తూ, “అది ఆ టోపీవాడు చెప్పడు కదూ” అంది.

క్లైవ్‌కి ఈ మాటలేవీ వినబడలేదు. కార్నర్ కిక్ పడింది.

కాసేపటికి బెరిల్ లేచింది. “బాత్రూమ్‌కి వెళ్ళొస్తానే. సంచీ చూస్తుండు.” డెనీస్ ఫ్రేయా పళ్ళెంలో మాంసం ముక్కలు కోస్తోంది, తల ఊపి, సంచీ ఒళ్ళో పెట్టుకుంది. తొందరగా రాదని తెలుసు. మూడంతస్తుల పబ్బులో ఆడవాళ్ళకి రెండే రెండు బాత్రూమ్‌లు, క్యూ నడవా చివరిదాకా ఉంది. మూడు టీవీలు పెట్టడానికి చోటు దొరికినవాళ్ళకి ఇంకో బాత్రూమ్‌కి దొరకలేదు.

అంతలో టోపీవాడు మందతో లోపలికొచ్చాడు. లాంతరు పైకెత్తాడు. ఆనీ కథ మొదలెట్టాడు — గొంతు తగ్గించి, కళ్ళు పెద్దవి చేసి, సరిగ్గా ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి...

ట్రింగ్.

ఎర్రబిళ్ళ ఊగింది. టూరిస్టు ఆడపిల్లలు కెవ్వుమన్నారు. “వస్తున్నానే బంగారం!” అని పబ్బంతా ఒక్క గొంతుతో అరిచింది. డెనీస్ కూడా అరిచింది. గ్లాసెత్తి, నవ్వుతూ. పుట్టినరోజు సరదా కదా.

ట్రింగ్... మళ్ళీ.

“వస్తున్నానే బంగారం!” ఈసారి బార్ వెనకున్న డెరెక్ నవ్వు ఓ క్షణం ఆలస్యంగా వచ్చింది. వంగి, మోకాళ్ళ వైపు చూసుకున్నాడు.

మూడోసారి చాలాసేపు మోగింది. “ముసల్దానికి ఇవాళ బాగా ఒళ్ళు మండినట్టుంది!” అన్నాడు క్లైవ్, పక్క టేబుల్ వాడికి వినబడేట్టు. పక్క టేబుల్ వాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. తెలిసిన జోకే. వాళ్ళిద్దరి నాన్నలూ నవ్విన జోకే.

డెరెక్ కేకు తీసుకొచ్చాడు. రెండు చేతులా పళ్ళెం, దాని మీద వెలుగుతున్న కొవ్వొత్తులు. “ఏరీ మా పుట్టినరోజు పెళ్ళికూతురు?” అంటూ టేబుల్ పక్కకి వచ్చి నిలబడ్డాడు.

ట్రింగ్.

డెరెక్ ఆగిపోయాడు. కొవ్వొత్తుల మంటలు ఒక పక్కకి ఒరిగాయి.

“నేను కాదు...” అన్నాడు, పెదాలు కదిలీ కదలకుండా.

డెనీస్ ఒక్కతే వింది. “ఏది మీరు కాదు?”

“బార్ కింద... మోకాలి దగ్గర బటన్ ఉంది. టోపీవాడు వచ్చినప్పుడు నేనే నొక్కుతాను. ఇప్పుడు — ఇక్కడున్నాను కదమ్మా. రెండు చేతులూ ఇవిగో.”

“అయితే గదిలోంచి ఎవరో నొక్కుతున్నారు.”

“ఆ బటన్‌కి తీగ లేదు” గుసగుసలాడాడు. “మా నాన్న ఉన్నప్పుడే పీకేశాం.”

ట్రింగ్... ట్రి... ట్రింగ్... ఊపిరి అందక ఆగి ఆగి మాట్లాడుతున్నట్టు.

గ్లాసులు సగం లేచాయి. ఎత్తినవాళ్ళు డెరెక్ మొహం చూశారు. “వస్తున్నా...” అన్న కేక అక్కడక్కడా మొదలై, గొంతుల్లోనే చచ్చిపోయింది. రోజూ ఆ కథ చెప్పి చప్పట్లు కొట్టించుకునే టోపీవాడు, మెల్లిగా తన మందలోని ఆడవాళ్ళ వెనక్కి జరిగాడు.

డెనీస్ టేబుల్ వైపు చూసింది. ఒళ్ళో అమ్మ సంచీ. కుర్చీ మీద అమ్మ శాలువా. టేబుల్ మీద... అమ్మ స్టౌట్ గ్లాసు లేదు.

లేచింది.

“ఎక్కడికి?” క్లైవ్ చెయ్యి పట్టుకున్నాడు. “కూర్చో. వాళ్ళ పబ్బు, వాళ్ళు చూసుకుంటారు.”

“బాత్రూమ్‌కి ఎవరూ గ్లాసు పట్టుకెళ్ళరు క్లైవ్.”

“అదికాదు, తలుపు తీస్తే... ఊరికే అంటారనుకో... అయినా—”

“నీకేం భయం? ఆనీ కాపురానికొచ్చేది మగవాళ్ళ ఇంటికి కదా! నేను తీస్తాలే.”

నడవాలోకి పరిగెత్తింది. బాత్రూమ్ క్యూలో ఉన్న ఆడవాళ్ళు గోడకి ఒదిగి దారిచ్చారు. వెనకాల మగవాళ్ళు కూడా వచ్చారు — నడవా మొదటిదాకా. అక్కడ నిలబడి, ఫోన్లు పైకెత్తారు.

తలుపుకి తాళం లేదు. ఆ రోజు రద్దీకి పనివాళ్ళు కుర్చీలు తీసుకుంటూ తాళం వెయ్యడం మరిచారు. బయట ఇత్తడి పిడి. మంచుముద్దలా ఉంది. అవతల హాల్లో బెల్లు ఇంకా మోగుతూనే ఉంది.

తిప్పింది. అంతే. తలుపు తెరుచుకుంది.

ఇంతసేపూ కావలసింది అదొక్కటే — ఎవరో ఒకరు ఆ పిడి తిప్పడం.

లోపల చీకటి. బయటకన్నా చలి. గరుకు అద్దాల మీద వీధిదీపం మసక. ఒకదాని మీద ఒకటి పేర్చిన చంటిపిల్లల కుర్చీలు, వాటి వెనక బల్ల, బల్ల మీదినుంచి సన్నటి ఈల... ఒక్కో ఊపిరికీ ఒక్కో ఈల.

“అమ్మా!”

సంచీలోంచి ఇన్‌హేలర్ తీసి నోటికి పెట్టింది. “పీల్చమ్మా. ఇంకొకటి. ఇదిగో, నేనున్నాను. ఇంకొక్కటి...” తన కోటు విప్పి కప్పింది. క్యూలోని ఆడవాళ్ళలో ఒకామె అప్పటికే అంబులెన్సుకి ఫోన్ చేస్తోంది. ఇంకొకామె తన శాలువా తీసిచ్చింది.

ఈల మెల్లమెల్లగా తగ్గింది. బెరిల్ కళ్ళు తెరిచింది.

“పాత గది కదా... ఓ గుక్క ఇక్కడ తాగి వచ్చేద్దామనుకున్నానే. నేను లోపలుండగానే ఎవరో తలుపు లాగేశారు. అరుద్దామంటే దమ్ము లేదు. బెల్లు నొక్కాను.” ఆగి ఊపిరి పీల్చుకుంది. “మీరంతా ఏమన్నారో వినబడింది.”

డెనీస్ అమ్మ మీద కప్పిన కోటు అంచు సర్దింది.

“నీ గొంతు కూడా వినబడింది” అంది బెరిల్.

కోపంగా అనలేదు. అంటే బాగుండేది.

డెరెక్ గడప దగ్గర నిలబడ్డాడు, లోపలికి రాకుండా. డెనీస్ తలుపు లోపలివైపు తడిమి చూసింది. పిడి ఉండాల్సిన చోట ఓ కన్నం, దాన్లో కుక్కిన చెక్కముక్క.

“దీని పిడి ఏది?”

“తీయించాను... టూరు వాళ్ళని ఓ నిమిషం లోపలుంచి తలుపు వేస్తే... కేకలు బాగా పెడతారు...”

“నూరేళ్ళ కింద ఎవడో సరదాకి గడియ పెట్టాడట. ఆ సరదా మీరు పోనివ్వలేదన్నమాట.” గోడ మీది బెల్లు బటన్ పట్టుకుని లాగింది. బిళ్ళతో సహా ఊడి చేతిలోకొచ్చింది. వెనక తీగ లేదు. బొక్కలో సాలెగూడు.

“అమ్మా... దీన్నేనా నొక్కావు?”

“ఇంకేముంది ఇక్కడ? మొదట్లో నేనే నొక్కాను. తర్వాత చెయ్యి లేవలేదు.” బెరిల్ బల్లమీద తన పక్కనున్న ఖాళీ చోటు చూసింది. “తర్వాత కూడా మోగింది... కదూ?”

“ఇక్కడ ఎవరైనా ఉన్నారా అమ్మా?”

“చీకట్లో ఏం కనబడుతుంది? కానీ ఒంటరిగా ఉన్నట్టు మాత్రం అనిపించలేదే.”

గడప దగ్గర ఇప్పుడు డెరెక్ లేడు.

ఆడవాళ్ళే బెరిల్‌ని నడిపించుకొచ్చి ముందు హాల్లో మంట పక్కన కూర్చోబెట్టారు. టీవీ ఎవరో కట్టేశారు. కేకు మీద కొవ్వొత్తులు వాటంతటవే కాలి, మైనం కారి గడ్డకట్టింది. క్లైవ్ “నేనప్పుడే అనుకున్నాను, అత్తయ్య ఇంతసేపేమిటా అని” అన్నాడు. ఎవరూ తలెత్తలేదు. ఫ్రేయా రంగులు దిద్దిన కాగితం మడిచి, బొమ్మ లోపలికి పెట్టి, గట్టిగా నొక్కి మూసేసింది.

అప్పుడు...

ట్రింగ్.

ఎర్రబిళ్ళ ఊగింది.

వెనక గది తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల ఎవరూ లేరు. గోడ బటన్ డెనీస్ పిడికిట్లో ఉంది. డెరెక్ హాలు నడుమ, అందరికీ కనబడేట్టు, చేతులు రెండూ ఛాతీకి హత్తుకుని నిలబడ్డాడు.

ఒక్క గ్లాసు లేవలేదు. ఒక్క గొంతు పలకలేదు. అంతమంది మగవాళ్ళూ తమ తమ బూట్ల వైపు చూసుకున్నారు.

ట్రింగ్... ట్రింగ్...

“పిలుస్తోందర్రా” అంది బెరిల్, ఆయాసంతో. “ఎవరో ఒకరు వెళ్ళండి.”

ఎవరూ కదల్లేదు. డెనీస్ లేచింది. నడవా దాటి, ఆ గడప మీద నిలబడి, చీకట్లోకి చూసింది. కుర్చీలు. బల్ల. బల్ల మీద అమ్మ వదిలేసిన స్టౌట్ గ్లాసు.

“వచ్చానమ్మా” అంది. మళ్ళీ అంది. “వచ్చాను ఆనీ. డాక్టర్లు బయల్దేరారు. వచ్చేస్తున్నారు. ఇంక నువ్వు వాళ్ళని పిలవక్కర్లేదు.”

గరుకు అద్దాల మీద నీలం వెలుగు గిర్రున తిరిగింది. సందు మొగలో అంబులెన్సు ఆగింది.

హాల్లో బెల్లు ఆగిపోయింది. మోగడం అయిపోయి కాదు. సగంలో... ఎవరో చెయ్యి తీసేసినట్టు.

బెరిల్‌కి ఏమీ కాలేదు. రెండు రాత్రులు ఆస్పత్రిలో ఉంచుకుని పంపించేశారు. కేకు తినలేదని ఇప్పటికీ తిట్టుకుంటుంది. క్లైవ్‌ని అడిగితే తీగలేవో కలిసి ఉంటాయంటాడు. ఏ తీగలని అడిగితే, పాత కట్టడాలు కదా అంటాడు.

‘ఓల్డ్ లాంటర్న్’ ఇంకా ఉంది. టోపీవాడు ఇంకా మందని తోలుకొస్తున్నాడు. అదే కథ. అదే గొంతు. ఎక్కడ ఆగాలో అక్కడే ఆగుతాడు. గ్లాసులు లేస్తాయి. డెరెక్ బార్ వెనక మోకాలితో బటన్ నొక్కుతాడు.

బెల్లు మోగదు.

ఎలక్ట్రీషియన్లు వచ్చి చూశారట. తీగ సవ్యంగానే ఉందన్నారట, గంట కొత్తది బిగించారట. పాపం డెరెక్... టూరిస్టులంతా నోళ్ళు తెరుచుకుని చూస్తుంటే, చెమటలు కక్కుతూ, సాయంత్రమంతా నొక్కుతూనే ఉంటాడట.

అవతల నుంచి ఎవరూ పలకరు.